గ్రంథాలయం మేడమీది హాలు తాళం తీయించండి: జిల్లా గ్రంథాలయ సంస్థకు, పురపాలక సంఘానికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన జిల్లా గ్రంథాలయ సంస్థ అధ్యక్షులకు, కార్యదర్శి గారికి, మా పురపాలక సంఘం కమిషనర్ గారికి,

నమస్కారం. కృష్ణా డెల్టాలోని ఒక చిన్న పట్టణంలో శాఖా గ్రంథాలయానికి రోజూ వచ్చే పాఠకులం, ఆ ఊళ్లో కవిత్వం రాసేవాళ్లం, దాన్ని వినడానికి వచ్చేవాళ్లం కలిసి ఈ లేఖ రాస్తున్నాం. ఊరి పేరు ఇక్కడ రాయడం లేదు. మా గ్రంథాలయాన్ని ఇన్‌చార్జిగా చూస్తున్న చిరుద్యోగి మీదికి ఈ ఫిర్యాదు పోకూడదన్నదే అందుకు కారణం. మేమిచ్చిన అర్జీలు మీ కార్యాలయాల్లోనే ఉన్నాయి కనుక మేమెవరమో మీకు తెలుసు.

మేము అడుగుతున్నది చిన్న విషయం. ఈ ఏడాది మార్చి 19న ఉగాది. ఆ సందర్భంగా కవి సమ్మేళనం, ఆ తర్వాత ఏప్రిల్‌లో మూడు సాహిత్య కార్యక్రమాలు మా గ్రంథాలయం మేడమీది సమావేశ మందిరంలో జరుపుకోవడానికి అనుమతి ఇవ్వండి. ముందుగా నోటిమాటగా అడిగాం. తర్వాత రాతపూర్వకంగా అర్జీ ఇచ్చాం. దానికి జవాబు రాకపోతే సోమవారం గ్రీవెన్స్‌లో కూడా కాగితం పెట్టాం. రసీదులు మాత్రం మా దగ్గర ఉన్నాయి. జిల్లాలు విడిపోయాక మా పట్టణం కొత్త జిల్లాలోకి వచ్చినా, గ్రంథాలయ సంస్థ కార్యాలయం పాత జిల్లా కేంద్రంలోనే ఉండిపోవడం వల్ల, ఒక కాగితం ఏ బల్ల మీద ఉందో కనుక్కోవడానికి కూడా మాలో ఒకరు పని మానుకుని బస్సెక్కాల్సి వస్తోంది. అందువల్ల ఇక నలుగురి ముందూ పెట్టి అడగడం తప్ప మాకు దారి కనిపించలేదు.

ముందు వాస్తవాలు చెబుతాం.

ఆ మేడమీది హాలు ఊళ్లోని ఒక కుటుంబం ఇచ్చిన విరాళంతో కట్టింది. మెట్లెక్కగానే గోడలో తాపించిన శిలాఫలకం మీద అది పఠనానికి, సభలకు ఉద్దేశించిందని చెక్కి ఉంది. నూరుమంది సులువుగా కూర్చోవచ్చు. 2020 మార్చి వరకు ప్రతి నెలా మొదటి ఆదివారం సాయంత్రం అక్కడ సాహితీ సమావేశం, ఏటా ఉగాదికి కవి సమ్మేళనం జరిగేవి. కరోనా లాక్‌డౌన్‌లో అన్ని గదులతో పాటు దానికీ తాళం వేశారు. కింది పత్రికల గది, పుస్తకాల గది తర్వాత తెరిచారు. పైదానికి తాళం అలాగే ఉండిపోయింది.

కిందటి నవంబరులో గ్రంథాలయ వారోత్సవాల కోసం కుర్చీలు దింపడానికి ఆ తలుపు ఒకసారి తీశారు. అప్పుడు మేము కళ్లారా చూసింది ఇది. వేదిక మీద పాత దినపత్రికలను పురికొసతో కట్టలు కట్టి గోడకు సగం ఎత్తు వరకు పేర్చారు. పడమటి కిటికీ రెక్క ఊడిపోయి చాలా కాలమైనట్టుంది. వాన జల్లు కొట్టి కింది వరసల కట్టలు ఉబ్బి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. మూలన కాలు విరిగిన బల్లలు, తుప్పు పట్టిన రెండు ఇనప బీరువాలు ఉన్నాయి. ఒక బీరువా పక్కనే కొత్త పుస్తకాల అట్టపెట్టెలు వచ్చినవి వచ్చినట్టే, కట్టిన ప్లాస్టిక్ పట్టీ కూడా తెంచకుండా ఉన్నాయి. ఒక పెట్టె అడుగునుంచి పైదాకా చెదల మట్టి బాట పాకింది. ఆ పెట్టెల్లో ఏ పుస్తకాలున్నాయో మాకు తెలియదు. అవి పరిగ్రహణ రిజిస్టరులో, అంటే గ్రంథాలయానికి వచ్చిన పుస్తకాలు నమోదు చేసే పుస్తకంలో, ఎక్కాయో లేదో కూడా చెప్పగలిగినవారు ఆ రోజు అక్కడ లేరు. ప్రజల డబ్బుతో కొన్న పుస్తకం పాఠకుడి చేతికి రాకముందే చెదల పాలవడం చూసి, పింఛను మీద బతికే ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు ఆ మెట్ల మీదే కూర్చుండిపోయారు.

హాలు ఎందుకు ఇవ్వరని అడిగితే మాకు నోటిమాటగా వచ్చిన సమాధానాలు మూడు. పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలకు శబ్దం వల్ల ఇబ్బంది అన్నది మొదటిది. పనివేళలు దాటాక ఉండే సిబ్బంది లేరన్నది రెండోది. పైనుంచి ఆదేశాలు లేవన్నది మూడోది.

మొదటి మాటను మేము తేలిగ్గా తీసుకోవడం లేదు. మా గ్రంథాలయంలో ఉదయం తలుపులు తీసేసరికే గ్రూప్స్‌కు, డీఎస్సీకి, కానిస్టేబుల్ ఉద్యోగాలకు చదివే యువతీయువకులు గేటు దగ్గర నిలబడి ఉంటారు. వాళ్లలో చాలామందికి ఇంట్లో ఒక బల్ల, ఒక దీపం, గంటసేపు నిశ్శబ్దం దొరకవు. వాళ్ల కుర్చీ లాక్కుని కవిత్వం చదువుకోవాలని మాలో ఎవరికీ లేదు. కానీ మేమడుగుతున్నది వాళ్లు కూర్చునే గది కాదు, మీరు మూసి ఉంచిన గది. అదీ నెలకు రెండు మూడు సాయంత్రాలు, రెండేసి గంటలు మాత్రమే. మిగిలిన రోజుల్లో ఆ హాలునే వాళ్లకు చదువుకునే గదిగా తెరిస్తే, ఇప్పుడు వరండాలో చెప్పుల స్టాండు పక్కన చాప పరుచుకుని కూర్చుంటున్నవాళ్లందరికీ చోటు దొరుకుతుంది. డీఎస్సీలో తెలుగు ఉపాధ్యాయ పోస్టుకు సిద్ధమవుతున్న అభ్యర్థులు తమకు ఛందస్సు, అలంకారాలు చెప్పే తరగతులు కావాలని మమ్మల్ని అడుగుతున్నారు. చెప్పడానికి ఊళ్లో విశ్రాంత తెలుగు పండితులు సిద్ధంగా ఉన్నారు. జాగా ఒక్కటే లేదు.

రెండో మాట నిజమే. మా శాఖకు శాశ్వత గ్రంథాలయాధికారి లేరు. ఇప్పుడున్న ఇన్‌చార్జి మరో రెండు శాఖలు కూడా చూసుకుంటున్నారు. కానీ సిబ్బంది లేకపోవడానికి కారణం పాఠకులు కాదు కదా. పోస్టు ఖాళీగా ఉంచి, ఆ ఖాళీనే కారణంగా చూపి హాలు మూసి ఉంచడం న్యాయం కాదు.

మూడో మాట గురించి కాస్త వివరంగా చెప్పాలి. గ్రంథాలయంలో సభ జరగడానికి పైనుంచి ప్రత్యేకంగా ఆదేశం రావాలన్న ఆలోచనే మన గ్రంథాలయాల పుట్టుకకు విరుద్ధం. 1914 ఏప్రిల్ 10న బెజవాడలోని రామ్మోహన గ్రంథాలయంలో ఆంధ్రదేశపు గ్రంథాలయాల ప్రతినిధులందరినీ అయ్యంకి వెంకటరమణయ్య ప్రభృతులు ఒకచోట చేర్చిన రోజున, ఆ మొదటి మహాసభకు అధ్యక్షత వహించింది కవి, నాటకకర్త, నవలాకారుడు అయిన చిలకమర్తి లక్ష్మీనరసింహం. చిన్ననాటి నుంచీ కంటిచూపు సమస్యతో బాధపడిన మనిషి ఆయన. ఒక జాతి తన గ్రంథాలయాలను సంఘటితం చేసుకోవడానికి మొదటిసారి కూర్చున్నప్పుడు అధ్యక్షపీఠం మీద ఒక కవిని కూర్చోబెట్టుకుంది. ఆ ఉద్యమం పుస్తకాల బీరువాలతో ఆగలేదు. రాత్రి బడులు నడిపింది, అక్షరం రానివాళ్లకు పత్రిక చదివి వినిపించింది, ఊరూరా గ్రంథాలయ యాత్రలు చేసింది. మా డెల్టాలోనే 1935లో గ్రంథాలయ ఉద్యమకారుడు పాతూరి నాగభూషణం పెదపాలెం, కొల్లూరు మధ్య కాలువ మీద పడవలో పుస్తకాలు తిప్పారు. పడవలో ప్రయాణించే రైతుకూలీ దగ్గరికి పుస్తకం తానే వెళ్లింది. వేటపాలెంలో 1918లో యువకులు మొదలుపెట్టిన సారస్వత నికేతనం భవనానికి 1929లో గాంధీజీ శంకుస్థాపన చేశారు. తెలంగాణలో నిజాం పాలన నాడు 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయం వెలిసినప్పుడు, తెలుగువాళ్లు నలుగురు ఒకచోట కూడి తమ భాషలో మాట్లాడుకోవడానికి ఉన్న కొద్దిపాటి చోట్లలో అవి ముఖ్యమైనవి. అలాంటి ఉద్యమం చేతుల్లోంచి వచ్చిన వ్యవస్థనే మీరిప్పుడు నడుపుతున్నారు.

చట్టం కూడా మా వైపే ఉంది. 1948 నాటి మద్రాసు చట్టం, 1955 నాటి హైదరాబాదు చట్టం స్థానంలో వచ్చిన 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం జిల్లా సంస్థలకు ఇచ్చిన అధికారాల్లో భవనాలు సమకూర్చడం, పుస్తకాలు కొనడంతో పాటు ఉపన్యాసాలు, తరగతులు ఏర్పాటు చేయడం కూడా ఉంది. దానికి డబ్బు మేమే కడుతున్నాం. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా పోతుంది. మూడు వేల రూపాయల ఇంటిపన్ను కట్టే కుటుంబం ఏటా 240 రూపాయలు గ్రంథాలయానికి చెల్లిస్తోందన్నమాట. ఆ ఇంట్లో ఎవరూ గ్రంథాలయం గడప తొక్కకపోయినా కడుతూనే ఉంది. పురపాలక సంఘాలు, పంచాయతీలు ఆ సొమ్ము వసూలు చేసి గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. వసూలు చేసింది చేసినట్టు జమ కావడం లేదన్నది రాష్ట్రంలో గ్రంథాలయాల గురించి మాట్లాడే ప్రతి సమావేశంలోనూ వినపడే మాట. మా పట్టణంలో పరిస్థితి ఏమిటో లెక్క చూపించమని అడిగితే ఇంతవరకు ఎవరూ చూపించలేదు.

ఇక ఈ తాళం వల్ల మామూలు మనుషులకు జరుగుతున్న నష్టం ఏమిటో వరసగా రాస్తాం.

1. అందరికంటే ఎక్కువ నష్టపోతున్నది మహిళలు. గ్రంథాలయంలో కార్యక్రమమంటే ఇంట్లో అడ్డు చెప్పేవాళ్లు తక్కువ. ఇంటర్ చదివే అమ్మాయి ఒంటరిగా వచ్చి, తను రాసిన కవిత చదివి, ఏడింటికల్లా ఇంటికి చేరేది. హాలు మూతపడ్డాక మేము కవి సమ్మేళనాన్ని ఒక ఏడాది కల్యాణ మండపంలో, మరో ఏడాది హోటల్ పైఅంతస్తులో పెట్టుకున్నాం. ఆ రెండు చోట్లకూ అమ్మాయిలు రాలేదు, గృహిణులు రాలేదు. మా సమావేశాల్లో మంచి కవిత్వం రాస్తున్నవాళ్లలో ఇద్దరు టైలరింగ్ చేసే మహిళలు, ఒక ఆశా కార్యకర్త ఉన్నారు. ముగ్గురూ ఇప్పుడు చదవడం మానేశారు. వాళ్లలో ఒకరి నోటుబుక్కు మాలో కొందరం చూశాం. కుట్టు కొలతలు రాసుకునే పుస్తకమే అది. ఎడమ పేజీలో జాకెట్ల కొలతలు, వాయిదా తేదీలు ఉంటాయి. కుడి పేజీలో కవితలు. ఆ కవితల్లో ఒక్కటీ ఇంతవరకు ఎక్కడా అచ్చు కాలేదు. విన్నది గ్రంథాలయం హాల్లో కూర్చున్నవాళ్లు మాత్రమే.

2. అద్దె భారం. హాలు అద్దె, కుర్చీలు, మైకు కలిపి ఒక్క సాయంత్రానికయ్యే ఖర్చు చందాలు వేసుకుంటే తప్ప తీరదు. పెళ్లి ముహూర్తాల రోజుల్లో అయితే అద్దెకు కూడా దొరకదు. చందా ఇచ్చినవాళ్లకు వేదిక మీద కుర్చీ వేయక తప్పదు. ఇవ్వలేనివాళ్లకు మొహమాటం. కవిత చదవడానికి అర్హత కవిత బాగుండటమే కావాలి తప్ప చందా ఇవ్వగలగడం కాకూడదు.

3. రాసేవాళ్లకు, చదివేవాళ్లకు మధ్య మిగిలిన వంతెన తెగిపోవడం. ఇది అచ్చు పత్రికలు తగ్గిపోతున్న కాలమన్న సంగతి మీకు తెలియనిది కాదు. మా తరానికి పిల్లల చదువు నేర్పిన చందమామ ఆగిపోయింది. విపుల, చతుర, తెలుగు వెలుగు, బాలభారతం 2021లో ఒకేసారి ఆగిపోయాయి. కవిత్వానికి చోటిచ్చే వారపత్రికలు ఒకటొకటిగా మూతపడ్డాయి. ఇప్పుడు ఒక కొత్త కవి సొంత డబ్బుతో మూడు నాలుగు వందల ప్రతులు వేసుకుని, స్నేహితులకు పంచి, మిగిలినవి మంచం కింద పెట్టుకోవాల్సిందే. ఆ పుస్తకాన్ని ఊరివాళ్ల ముందు ఆవిష్కరించుకోవడానికి, రెండు కవితలు చదివి వినిపించడానికి, ఒక ప్రతి గ్రంథాలయంలో చేరడానికి చోటు అదొక్కటే. మా పుస్తకాల గదిలో కవిత్వం అరలోంచి ఒక సంపుటి తీసి వెనక అట్టకు అంటించిన తేదీల చీటీ చూస్తే చివరి ముద్ర 2019 ఆగస్టుది. పక్కనున్న మరికొన్ని తీసినా దాదాపు అదే కాలం. నెలనెలా సమావేశాల్లో ఏదో ఒక కవి గురించి మాట్లాడుకున్నప్పుడు జనం ఆ పుస్తకం అడిగి తీసుకునేవాళ్లు. మాట ఆగింది, ముద్రా ఆగింది. కవిత్వం ఎవరూ చదవడం లేదు కనుక కొనడం లేదని పుస్తకాల ఎంపికలో అంటే, చదవకపోవడానికి కారణమేమిటో ఆ చీటీలు చెబుతాయి.

4. పిల్లలు. ఏటా ప్రభుత్వమే గ్రంథాలయాల్లో వేసవి శిబిరాలు నడుపుతోంది, మంచి పని. కానీ మా ఊళ్లో అవి వరండాలో జరుగుతున్నాయి. ఏప్రిల్ ఎండలో, రోడ్డు మీద ఆటోల మోతలో, పదేళ్ల పిల్లవాడు వేమన పద్యం అప్పజెప్తుంటే ఆ గొంతు రెండో వరసకే వినపడదు.

5. ముసలివాళ్లు, చూపు తగ్గినవాళ్లు. పత్రిక చదవలేని వయసులో ఎవరైనా చదివి పెడితే వినాలనుకునేవాళ్లు మా పట్టణంలో చాలామంది ఉన్నారు. సాహితీ సమావేశం వాళ్లకు కాలక్షేపం కాదు, నెలలో ఒకసారి నలుగురితో కూర్చుని మాట్లాడే సందర్భం. వాళ్ల కోసమే మెట్లకు పట్టుకునే కడ్డీ కావాలని 2018లోనే అడిగాం. మెట్లెక్కలేనివాళ్ల కోసం మూడు నెలలకొకసారైనా కింద కార్యక్రమం జరగాలి.

ఇవీ మా డిమాండ్లు. వీటిలో దేనికీ కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త భవనం అంతకన్నా అక్కర్లేదు.

1. ఉగాది కవి సమ్మేళనానికి మార్చి 10 లోపు రాతపూర్వకంగా అనుమతి ఇవ్వండి. ఉగాది ప్రభుత్వ సెలవు దినం కావడంతో సరిగ్గా కవులు కూడే రోజునే గ్రంథాలయానికి తాళం పడుతోంది. మర్నాడు శుక్రవారం, గ్రంథాలయాలకు వారపు సెలవు. ఆ వెంటనే రంజాన్ పండుగ. మా ఊళ్లో తెలుగులోనూ ఉర్దూలోనూ రాసేవాళ్లున్నారు, వాళ్లు ఉపవాసాల మధ్య ఇబ్బంది పడకుండా అందరూ రావాలన్నది మా కోరిక. కాబట్టి సమ్మేళనాన్ని మార్చి 22 ఆదివారం సాయంత్రం పెట్టుకుంటాం. 21న ప్రపంచ కవితా దినోత్సవం కనుక రెండూ కలిసొస్తాయి. ఆ రోజు విధుల్లో ఉండే ఉద్యోగికి బదులు సెలవు మంజూరు చేయండి.

2. హాలు ఖాళీ చేయించండి. పాత పత్రికలను నిబంధనల ప్రకారం వేలం వేయండి. విప్పని పెట్టెలను పాఠకుల ప్రతినిధుల సమక్షంలో విప్పి, పాడైనవెన్ని, బాగున్నవెన్నో రాసి, బాగున్నవాటిని వెంటనే అరలకెక్కించండి. కిటికీ రెక్క పెట్టించి, జనాన్ని అనుమతించే ముందు కరెంటు వైరింగు పరీక్ష చేయించండి. మెట్ల కడ్డీ మర్చిపోకండి.

3. వసంతకాలపు కార్యక్రమాల పట్టిక ముందుగానే ప్రకటించి నోటీసు బోర్డులో పెట్టండి. మొదటి గ్రంథాలయ మహాసభ జరిగిన ఏప్రిల్ 10 ఈసారి శుక్రవారం పడింది కనుక ఆ కార్యక్రమాన్ని 12కు మార్చుకోవచ్చు. కందుకూరి వీరేశలింగం జయంతి అయిన ఏప్రిల్ 16న నాటక పఠనం, ప్రపంచ పుస్తక దినోత్సవమైన 23న స్థానిక రచయితల పుస్తకాల ప్రదర్శన జరగాలి. వక్తలను, కవులను పిలవడం, వాళ్ల దారిఖర్చులు చూసుకోవడం మా బాధ్యత.

4. శాశ్వత గ్రంథాలయాధికారిని నియమించండి. నియామకం జరిగే దాకా ఇన్‌చార్జి మీద భారం పడకుండా, కార్యక్రమం రోజున సంతకం చేసి తాళంచెవి తీసుకుని, ముగిశాక ఊడ్చి అప్పగించే ఏర్పాటుకు మేము సిద్ధం. అందుకు ఒక రిజిస్టరు పెడితే చాలు.

5. ఏ కార్యక్రమానికి హాలు ఇస్తారో, దేనికి ఇవ్వరో రాసిపెట్టిన నియమాలు కావాలి. పార్టీల ప్రచారానికి, మత ప్రచారానికి, సరుకుల అమ్మకానికి ఇవ్వకూడదన్నది మా అభిప్రాయం కూడా. మా కవిత్వానికి ఒక నియమం, మరొకరి సభకు మరొక నియమం ఉండొద్దు. సాహిత్య కార్యక్రమాలకు అద్దె తీసుకోకూడదు. పౌర గ్రంథాలయ సేవలు సూత్రప్రాయంగా ఉచితంగా అందాలని 1994 నాటి యునెస్కో ప్రణాళిక కూడా చెబుతోంది.

6. పుస్తకాల ఎంపికలో కవిత్వానికి, జిల్లా రచయితల పుస్తకాలకు కొంత భాగం కేటాయించండి. ఇప్పటికీ వెలువడుతున్న సాహిత్య మాస, త్రైమాస పత్రికలకు చందా కట్టండి. 1972లో ఏర్పడిన రాజా రామ్మోహన్ రాయ్ గ్రంథాలయ ఫౌండేషన్ కోల్‌కతా నుంచి రాష్ట్రాలతో కలిసి ఇచ్చే సాయంలో పుస్తకాలతో పాటు సదస్సులు, పుస్తక ప్రదర్శనలు కూడా ఉన్నాయి. ఆ సాయం కోసం మా శాఖ తరఫున ప్రతిపాదన పంపండి. ప్రతిపాదన రాయడంలో సాయం కావాలంటే మాలో పదవీ విరమణ చేసిన ఉద్యోగులున్నారు.

7. కమిషనర్ గారికి విడిగా ఒక విజ్ఞప్తి. గత మూడు ఆర్థిక సంవత్సరాల్లో పట్టణంలో గ్రంథాలయ పన్ను కింద ఎంత వసూలైంది, అందులో గ్రంథాలయ సంస్థకు ఎంత జమ చేశారు, ఎంత బకాయి ఉంది అన్న మూడు అంకెలు గ్రంథాలయం నోటీసు బోర్డులో పెట్టించండి. బకాయి ఉంటే ఏ నెలకు ఎంత కడతారో చెప్పండి. హాలు మరమ్మతులకు డబ్బు లేదని ఒక కార్యాలయం, మా దగ్గర బకాయి ఏమీ లేదని మరో కార్యాలయం అంటే, ఆ రెండు మాటల మధ్య పన్ను కట్టినవాళ్లు ఎక్కడికి పోవాలి?

మాలో చాలామందికి గ్రంథాలయమే ఉద్యోగం వచ్చేలా చేసింది. కొందరికి మొదటి కవిత రాయించింది. అందువల్ల మీ సంస్థ మీద మాకు కోపం లేదు, గౌరవం ఉంది. ఆ గౌరవంతోనే ఇంతకాలం ఓపిక పట్టాం.

మార్చి 10 నాటికి మీ నుంచి రాతపూర్వకంగా ఏ జవాబూ రాకపోతే, ఆ మర్నాడే సమాచార హక్కు చట్టం కింద హాలు, విప్పని పుస్తకాల పెట్టెలు, గ్రంథాలయ పన్ను గురించి రెండు కార్యాలయాలకూ దరఖాస్తులు పెడతాం. 30 రోజుల్లో సమాధానం ఇవ్వడం మీ విధి. ఉగాది కవి సమ్మేళనం మాత్రం ఆగదు. మార్చి 22 సాయంత్రం గ్రంథాలయం గేటు ఎదుట, దారికి అడ్డం రాకుండా, పోలీసుల అనుమతి తీసుకుని చాపలు పరుచుకుని జరుపుకుంటాం. సంస్థ అధ్యక్షుల వారిని, కార్యదర్శి గారిని, కమిషనర్ గారిని దానికి ఇప్పుడే ఆహ్వానిస్తున్నాం. తాళం తీయిస్తే మేడమీద కలుద్దాం.

ఈ లేఖ ప్రతులను జిల్లా కలెక్టరు గారికి, స్థానిక శాసనసభ్యులకు, పత్రికలకు పంపుతున్నాం. మీ జవాబును గ్రంథాలయం నోటీసు బోర్డుకు పంపితే అందరం చదువుకుంటాం.

ఇట్లు,
శాఖా గ్రంథాలయ పాఠకులు, కవులు, రచయితలు
ఫిబ్రవరి, 2026